కరోనాలో పేద దేశాల అప్పులు మాఫీ చేయమని చర్చిలు అడిగాయి కదా, చివరికి మాఫీ అయిందా, వాయిదా పడిందా?

పరకాల పోరడు

నేను పరకాల దగ్గర ఒక సొసైటీలో పనిచేస్తాను, అంటే రైతులకు పంట రుణాలిచ్చే సహకార సంఘం. మా ఆవిడ వాళ్లది క్యాథలిక్ కుటుంబం, కాబట్టి పండగలకీ పబ్బాలకీ నేను కూడా కాజీపేట ఫాతిమా క్యాథెడ్రల్‌కు వెళ్తుంటా. 2025 జూబిలీ సంవత్సరం (క్యాథలిక్‌లు పాతికేళ్లకోసారి జరుపుకునే పుణ్య సంవత్సరం) మీద అక్కడ ప్రసంగంలో విన్న ఒక మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. కరోనా వచ్చినప్పుడు పోప్ ఫ్రాన్సిస్ పేద దేశాల అప్పులు తగ్గించండి, కుదిరితే మొత్తం రద్దు చేయండి అని అడిగారట, ఆయనతో పాటు ప్రపంచంలో చాలా చర్చిలు, వేరే మతాల వాళ్లు కూడా అదే అడిగారట.

వినడానికి బాగానే ఉంది గానీ రుణమాఫీ అనే మాట చెవిన పడితే నాకు బీపీ పెరుగుతుంది. 2022 మే 6న హన్మకొండ సభలో కాంగ్రెస్ వాళ్లు రెండు లక్షల మాఫీ అని డిక్లరేషన్ ఇచ్చారు, 2024 జులై 18న మొదటి విడత డబ్బులు పడ్డాయి. ఈ నడుమ ఏం జరిగిందో కౌంటర్‌లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ప్రతి ఏడాదీ టైంకు కట్టి రెన్యువల్ చేసుకునే రైతు కూడా "ఎట్లాగూ మాఫీ అయితదంట కదా సార్, ఇప్పుడు కట్టి నేనెందుకు మునగాలె" అని గుమ్మంలోంచే వెనక్కి పోయేవాడు. తీరా జాబితా వచ్చాక ఆధార్‌లో ఒక పేరు పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉందని ఒకరికి, రేషన్ కార్డు లేదని ఒకరికి, ఇంట్లో ఇద్దరివీ కలిపితే రెండు లక్షలు దాటాయని మరొకరికి ఆగిపోయింది, తిట్లు మాత్రం మాకు. అప్పటికే కట్టేసినవాడు వచ్చి "కట్టినోడే పిచ్చోడా సార్" అంటే ఏం చెప్పాలి?

అందుకే అడుగుతున్నా, తెలిసినవాళ్లు చెప్పండి. దేశాల విషయంలో అసలు ఏం అడిగారు, ఏం ఇచ్చారు? ఇచ్చినా మళ్లీ అప్పు చేయరని గ్యారంటీ ఏంటి? దీంట్లో మతాలకు ఏం పని, వాళ్లు చెప్తే బ్యాంకులు వింటాయా? మన దేశం ఇందులో ఏ పక్క ఉంది, అడిగేవాళ్ల పక్కా, ఇచ్చేవాళ్ల పక్కా?

నయీంనగర్ లెక్చరర్

తమ్మీ, టైటిల్‌లో అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తా. ఎక్కువ భాగం వాయిదానే. నిజమైన మాఫీ చాలా కొంచెం.

పోప్ ఆ మాట అన్నది 2020 ఏప్రిల్ 12, ఈస్టర్ రోజు, జనం లేని సెయింట్ పీటర్స్ బసిలికాలో నిలబడి. మూడు రోజులకు, ఏప్రిల్ 15న, జీ20 దేశాలు అప్పు కిస్తీల వాయిదా పథకం ప్రకటించాయి. ఆయన అన్నందుకే వాళ్లు చేశారని నేననను, ఎందుకంటే మార్చి చివర్లోనే ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కలిసి ఇదే అడిగాయి. కానీ అన్ని వైపుల నుంచి ఒకేసారి ఒత్తిడి వచ్చిన మాట నిజం.

ఆ పథకం ఎట్లాంటిదో నీకు సులువుగా అర్థమవుతుంది, సరిగ్గా అదే టైంలో మన ఆర్‌బీఐ ఇచ్చిన మారటోరియం గుర్తు తెచ్చుకో. 2020 మార్చి 27న ప్రకటించారు, ముందు మూడు నెలలన్నారు, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించారు. ఈఎంఐ కట్టకపోయినా ఫర్వాలేదు అన్నారు గానీ మిత్తి నడుస్తూనే ఉంది. ఆటో లోన్ ఉన్నవాళ్లు చాలామంది ఆర్నెల్లు ఊపిరి పీల్చుకుని, సెప్టెంబర్‌లో స్టేట్‌మెంట్ చూసుకుంటే అసలు తగ్గకపోగా బాకీ పెరిగి ఉంది. మిత్తి మీద మిత్తి వేయడం ఏంటని సుప్రీంకోర్టు దాకా పోతే, ఆ కాలానికి చక్రవడ్డీ వసూలు చేయొద్దని 2021 మార్చిలో తీర్పు వచ్చింది. మామూలు మిత్తి మాత్రం కట్టాల్సిందే.

జీ20 పథకం కూడా అదే తరహా. 73 దేశాలకు అర్హత ఉంటే 48 దేశాలు వాడుకున్నాయి. 2020 మే నుంచి 2021 డిసెంబర్ దాకా సుమారు 1,290 కోట్ల డాలర్ల కిస్తీలు ఆగాయి. ఆగాయి అంతే, పోలేదు. అప్పు ఇచ్చిన దేశానికి పైసా నష్టం రాకుండా, ఆగిన కాలానికి మిత్తి కలిపి తర్వాతి ఏళ్లలో వసూలు చేసుకునేలా లెక్క కట్టారు.

నిజంగా మాఫీ అనదగ్గది ఒకటి ఉంది. ఐఎంఎఫ్ దగ్గర విపత్తుల కోసం ఒక నిధి ఉంటుంది, 2020 ఏప్రిల్‌లో దాంతో 25 పేద దేశాల కిస్తీలు కట్టేశారు, తర్వాత ఆ జాబితా 31 దాకా వెళ్లింది, రెండేళ్లలో మొత్తం 96 కోట్ల డాలర్ల దాకా. ఆ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు. అయితే అది బ్రిటన్, జపాన్ లాంటి దేశాలు వేసిన చందా, అంటే ఐఎంఎఫ్‌కు రావాల్సింది ఐఎంఎఫ్‌కు వచ్చేసింది. నీ సొసైటీకి ప్రభుత్వం మాఫీ సొమ్ము జమ చేసినట్టే.

డోర్నకల్ పాత విద్యార్థి

మతాలకు ఏం పని అన్న ప్రశ్నకు నేను చెప్తా. మాది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయింది మా డోర్నకల్‌కే, ఆ గర్వం మా ఊళ్లో ఇప్పటికీ ఉంటుంది, క్షమించాలి.

కరువు కాలంలో అన్నం పెట్టడం చర్చిలకు పాత పని. మెదక్ చర్చి కట్టడమే కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టారని చెప్తారు. కానీ అప్పు గురించి మాట్లాడటం దానం కిందికి రాదు. బైబిల్‌లో ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం చూడండి, ఏడేళ్లకోసారి పొరుగువాడికిచ్చిన అప్పు వదిలేయాలని ఉంటుంది. లేవీయకాండం 25లో యాభయ్యో ఏడు సునాద సంవత్సరం, అప్పుల పాలై భూమి పోగొట్టుకున్నవాడికి భూమి తిరిగి రావాలి, బానిసగా అమ్ముడుపోయినవాడు ఇంటికి పోవాలి. ఇక్కడ ఎవరినీ జాలి పడమనడం లేదు, అది చట్టం. అప్పు ఒక మనిషిని ఎంత దూరం తొక్కొచ్చో దానికి గీత గీసింది.

ఇంగ్లాండ్‌లో 1990ల మొదట్లో మార్టిన్ డెంట్ అనే యూనివర్సిటీ లెక్చరర్, బిల్ పీటర్స్ అనే రిటైర్డ్ రాయబారి ఈ సునాద సంవత్సరం ఆలోచనను దేశాల అప్పులకు ముడిపెట్టారు. 2000 సంవత్సరం వస్తోంది కాబట్టి దాన్నే గడువుగా పెట్టుకుని జూబిలీ 2000 అన్నారు. పోప్ జాన్ పాల్ 1994లోనే అదే కోరారు. 1998 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో జీ8 సమావేశం జరుగుతుంటే 70,000 మంది ఊరి చుట్టూ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, అందులో పెద్ద వయసు ఆడవాళ్లు, ఆదివారం చర్చికి వచ్చే మామూలు జనమే ఎక్కువ. చివరికి 2.4 కోట్ల సంతకాలయ్యాయి. 1999లో కొలోన్‌లో, 2005లో గ్లెనీగల్స్‌లో ధనిక దేశాలు దిగొచ్చాయి. అప్పటి పథకాల్లో ఇప్పటిదాకా 37 దేశాలకు కలిపి 10,000 కోట్ల డాలర్లకు పైగా అప్పు పోయింది. కాబట్టి "వాళ్లు చెప్తే వింటారా" అంటే ఒకసారి విన్నారు, కాకపోతే సంతకాలు ఆ స్థాయిలో ఉన్నప్పుడు.

కరోనాలో ఊరి చుట్టూ చేతులు పట్టుకుని నిలబడే పరిస్థితి లేదు కదా, జనం బయటికే రాలేదు. అంతా లేఖలు, జూమ్ మీటింగులే. ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ సమాఖ్య లాంటివి కలిసి 2020లో జీ20కి ఉమ్మడి లేఖ రాశాయి, వాయిదా చాలదు, రద్దే కావాలని. మన సీఎస్ఐ కూడా ఆ మండలిలో సభ్యత్వం ఉన్నదే. అమెరికాలో జూబిలీ యూఎస్ఏ అని ఒక సంస్థ ఉంది, దాంట్లో క్రైస్తవ, యూదు, ముస్లిం సంఘాలు కలిసి ఉంటాయి, వాషింగ్టన్‌లో కూర్చుని సెనేటర్ల వెంట పడటమే వాళ్ల పని. ఐఎంఎఫ్ కొత్త నిల్వలు, అంటే సభ్య దేశాలు డాలర్లుగా మార్చుకోగలిగే ఎస్‌డీఆర్‌లు, పంచాలని వాళ్లు, ఇంకా చాలామంది పట్టుబట్టారు, 2021 ఆగస్టు 23న 65,000 కోట్ల డాలర్ల నిల్వలు పంచారు. అప్పు కాకుండా చేతికొచ్చిన పెద్ద మొత్తం అదే.

జమ్మికుంట కాటన్

ఆ 65,000 కోట్లలో పేద దేశాలకు ఎంత పోయిందో కూడా చెప్పండి సార్. సుమారు 2,100 కోట్లు. పంపకం ఐఎంఎఫ్‌లో వాటాల ప్రకారం కాబట్టి ఉన్నవాడికే ఎక్కువ పోయింది. మన భారతదేశానికే 1,786 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. దీన్ని సాధించామని చర్చిలు చెప్పుకుంటే నాకు నవ్వొస్తుంది.

అసలు విషయానికొస్తా. అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడి బాకీ ఎవడో ఎందుకు కట్టాలి? జాంబియా సంగతే తీసుకోండి. 2005, 2006లలో వాళ్ల అప్పు చాలావరకు కొట్టేశారు. శుభ్రంగా పలక తుడిచి ఇచ్చారు. ఏం చేశారు? 2012, 2014, 2015లలో వరుసగా డాలర్ బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి 300 కోట్ల డాలర్లు తెచ్చారు, చైనా నుంచి రోడ్లకు, ఎయిర్‌పోర్టుకు వేరే తెచ్చారు, 2020 నవంబర్‌లో కట్టలేం అని చేతులెత్తేశారు. మొజాంబిక్ ఇంకా ఘోరం. చేపల పడవలు, తీర రక్షణ పేరుతో 200 కోట్ల డాలర్ల దాకా అప్పు చేసి సొంత పార్లమెంటుకే చెప్పలేదు, 2016లో బయటపడింది. వీళ్లకు మాఫీ చేస్తే ఎవరికి చేసినట్టు? పరకాల అన్న కౌంటర్ దగ్గర చూసింది చిన్న స్థాయిలో, ఇది పెద్ద స్థాయిలో.

ప్రసంగం చేసేవాళ్లు ఇచ్చినవాడికి నీతి చెప్తారు, తెచ్చి తిన్నవాడికి ఎందుకు చెప్పరు?

మట్టెవాడ ముసాఫిర్

జమ్మికుంట భాయ్, తెచ్చినవాడికీ చెప్తారు. మా దీన్‌లో అప్పు తీర్చకుండా చనిపోవడం చాలా పెద్ద విషయం, జనాజా నమాజుకు ముందు "ఈయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేం చూసుకుంటాం" అని కొడుకులు నిలబడి అడగడం మీరు చూసే ఉంటారు. అదే ఖురాన్‌లో రెండో సూరా 280వ ఆయత్‌లో బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువివ్వండి, వదిలేస్తే మీకే మేలు అని ఉంది. జకాత్ ఎవరికివ్వాలో చెప్పే ఎనిమిది రకాల వాళ్లలో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఒకరు. గడువు అనేది కనీసం, మాఫీ అనేది మేలు, రెండూ ఒకే ఆయత్‌లో ఉన్నాయి. జీ20 వాళ్లు మొదటిది చేసి ఆగిపోయారు, అది కూడా మిత్తితో, మా లెక్కలో ఆ మిత్తే అసలు తప్పు.

ఇంకోటి. మన దగ్గర మేడారం సమ్మక్క సారలమ్మల కథ చిన్నప్పటి నుంచి అందరం విన్నదే కదా, కరువొచ్చి పంట లేదు కప్పం కట్టలేం అన్నందుకు కాకతీయ రాజు సైన్యాన్ని పంపాడని. కోటి మంది పోయి బెల్లం మొక్కేది ఎవరికి? కప్పం వసూలు చేసినాయనకు కాదు. 2020 ఫిబ్రవరిలో జాతర అయింది, నెల తిరిగేసరికి లాక్‌డౌన్.

జమ్మికుంట కాటన్

ముసాఫిర్ భాయ్ పాయింటు బాగుంది గానీ కప్పం కట్టలేనన్న పగిడిద్దరాజు చేపల పడవలు కొనలేదు.

ఎనుమాముల మిర్చి

నవ్వించావన్నా. నేను పుస్తకాలు చదివినవాణ్ణి కాదు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో రాతపని చేస్తాను. లెక్చరర్ సార్ చెప్పిన వాయిదాలో ఒకటి నాకు అర్థం కాలేదు. గవర్నమెంట్లు కిస్తీ ఆపాయి సరే, మరి ప్రైవేటోళ్లు ఆపారా?

ఎందుకంటే మా దగ్గర ఇది రోజూ చూస్తాం. రైతు మిర్చి బస్తాలు తెస్తాడు, కాంటా అయితది, తక్‌పట్టీ రాస్తాం. పైన క్వింటాళ్లు, రేటు, మొత్తం. కింద హమాలీ, కమిషన్, ఆ తర్వాత సీజన్ మొదట్లో మందులకు, విత్తనాలకు మా సేటు దగ్గర తీసుకున్న అడ్వాన్సు, దాని మిత్తి. అవన్నీ పోను చివరి లైన్లో మిగిలింది రైతు చేతికి. ఇప్పుడు బ్యాంకువాళ్లు ఈ ఏడాది వసూలు ఆపారనుకోండి, రైతు సంతోషపడతాడు, కానీ సేటు కాగితం మీద కోత అట్లనే ఉంటది. బ్యాంకు వదిలిన పైసలు సేటు గల్లాలోకి పోతాయి. రైతు జేబులో పడ్డది ఏం లేదు. దేశాలకు కూడా ఇట్లనే జరిగిందా?

నయీంనగర్ లెక్చరర్

మిర్చి తమ్మీ, పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు పేజీలకు పేజీలు రాసింది నువ్వు ఒక తక్‌పట్టీ మీద రాసేశావు. సరిగ్గా ఇదే జరిగింది.

ప్రైవేటు వాళ్లు, అంటే బాండ్లు కొన్న ఫండ్లు, బ్యాంకులు, స్వచ్ఛందంగా కలిసి రండి అని జీ20 పిలిచింది. దాదాపు ఎవరూ రాలేదు. ప్రపంచ బ్యాంకు కూడా తన కిస్తీలు ఆపలేదు, ఆపితే మా రేటింగ్ పడిపోతుంది, తక్కువ మిత్తికి మాకే అప్పు దొరకదు, కొత్త అప్పులు, గ్రాంట్లు ఎక్కువిస్తాం చాలు అంది. అంటే ఒక ప్రభుత్వం జనం పన్నుల డబ్బుతో ఇచ్చిన వెసులుబాటు ఇంకో చేత్తో బాండు కొన్నవాడికి చేరే దారి తెరిచే ఉంది. చర్చిలు, జూబిలీ సంస్థలు కరోనా కాలమంతా మొత్తుకున్నది ముఖ్యంగా దీని గురించే, అందర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి అని.

2020 నవంబర్‌లో కామన్ ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి పెట్టారు. చైనా, ప్యారిస్ క్లబ్ (పాతకాలం నుంచి అప్పులిచ్చే ధనిక దేశాల బృందం) దేశాలు కలిసి మాట్లాడాలి, ప్రైవేటు వాళ్లు కూడా అంతే తగ్గించాలి అని. కాగితం మీద బాగుంది. జాంబియా 2021 మొదట్లో అర్జీ పెట్టుకుంది. ప్రభుత్వాలతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్, బాండ్లవాళ్లతో తేలేసరికి 2024. కరోనా వచ్చి పోయింది, వ్యాక్సిన్ వచ్చింది, మాస్కులు తీసేశారు, ఫైలు ఇంకా నడుస్తోంది.

జమ్మికుంట అన్నయ్యకు కూడా ఒక మాట. జాంబియా పాత మాఫీ అంతా గాలికి పోలేదు. 2006 ఏప్రిల్‌లో పల్లెటూళ్ల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫీజు తీసేశారు, అప్పు తగ్గడం వల్లే అది కుదిరింది. ఆ దేశంలో జెస్యూట్ ఫాదర్లు నడిపే ఒక కేంద్రం ఉంది, రాజధాని లుసాకాలో ఒక కుటుంబానికి నెలకు తిండి, బొగ్గు, సబ్బు, అద్దెకు ఎంతవుతుందో లెక్క కట్టి ప్రచురిస్తుంటారు. జూబిలీ జాంబియా ప్రచారం నడిచిందీ అక్కడి నుంచే. వాళ్లు ఇచ్చినవాణ్ణి ఎంత నిలదీశారో, అప్పు చేసేముందు పార్లమెంటుకు చెప్పాలని సొంత ప్రభుత్వాన్నీ అంతే నిలదీశారు. తెచ్చినవాడికి నీతి చెప్పరు అన్నావు కాబట్టి చెప్తున్నా.

ఇచ్చినవాడి సంగతి ఒకటి వినండి. 1970లలో జాంబియా ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాలు కొనడానికి రొమేనియా దగ్గర అప్పు చేసింది. కట్టలేకపోయింది. 1999లో డోనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఆ పాత కాగితాన్ని 33 లక్షల డాలర్ల లోపే రొమేనియా నుంచి కొని, తర్వాత లండన్ కోర్టులో 5.5 కోట్ల డాలర్లు కట్టమని కేసు వేసింది. 2007లో కోర్టు సుమారు 1.55 కోట్ల డాలర్లు ఇప్పించింది. ఇచ్చిన అసలు వీళ్లది కాదు, రిస్కు వీళ్లది కాదు, చేతికొచ్చింది మాత్రం పెట్టినదానికి దాదాపు ఐదింతలు. ఇందులో పప్పు కూడు ఎవరు తిన్నారు?

పరకాల పోరడు

ఈ ట్రాక్టర్ల కేసు నాకు తెలియదు, సార్. మా దగ్గర కూడా మొండి బాకీలు కొనే కంపెనీలు బ్యాంకుల దగ్గర ఉంటాయి గానీ ఈ లెక్క వేరే.

నా అసలు అనుమానం సగం తీరింది. మా మాఫీలో కట్టినవాడికి అన్యాయం, కట్టనివాడికి లాభం అని కదా నా బాధ. ఇక్కడ చూస్తే వాయిదా ఇచ్చిన ప్రభుత్వం కట్టించుకోనివాడైంది, ఇవ్వని బాండువాడు పూర్తిగా వసూలు చేసుకున్నాడు. అంటే ఆ అన్యాయం అప్పు ఇచ్చేవాళ్ల మధ్య కూడా ఉంది. అయినా కొత్తగా అప్పు చేయకుండా ఆపేది ఎవరు అన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది, దానికి మతం దగ్గర జవాబు ఉందనిపించలేదు. మన దేశం సంగతి ఎవరూ చెప్పలేదు.

డోర్నకల్ పాత విద్యార్థి

మన దేశం ఇచ్చేవాళ్ల పక్కనే ఉంది. ఆ వాయిదా పథకానికి అర్హుల జాబితాలో మనం లేం, జీ20 సభ్యులుగా మనం కిస్తీలు ఆపినవాళ్లం. మన ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికాలో, పొరుగు దేశాల్లో చాలామందికి మనం అప్పులిచ్చాం. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో కట్టలేం అన్నాక ఆ ఏడాది దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం మన దగ్గర నుంచే పోయింది, తర్వాత వాళ్ల అప్పుల చర్చల కమిటీకి జపాన్, ఫ్రాన్స్‌తో పాటు మనమూ అధ్యక్షులం. ఈ దేశంలో ఉన్న చర్చిగానీ మసీదుగానీ గుడిగానీ అప్పుల మాఫీ అడిగితే వాషింగ్టన్ వైపే చూడక్కర్లేదు, ఢిల్లీని కూడా అడగాలి. మా వాళ్లు ఆ పని పెద్దగా చేయలేదు, ప్రసంగాల్లో అమెరికాను తిట్టడం సులువు.

కొత్త అప్పు ఎవరు ఆపుతారన్నదానికి: పోప్ ఫ్రాన్సిస్ కోరిక మీద 2025 జూన్‌లో జోసెఫ్ స్టిగ్లిట్జ్, మార్టిన్ గుజ్మాన్ లాంటి ఆర్థికవేత్తలు జూబిలీ రిపోర్టు ఇచ్చారు. దాంట్లో ఇచ్చేవాళ్లను, తీసుకునేవాళ్లను ఇద్దర్నీ తప్పుబట్టారు. నువ్వు అడిగిన ప్రశ్న మీద కూడా అందులో చాలా ఉంది, ఓపికుంటే చదువు.

జమ్మికుంట కాటన్

ఢిల్లీని అడగాలన్నారు చూడండి, దానికి ఒప్పుకుంటా. కానీ మన పన్నుల డబ్బు శ్రీలంకకు వదిలేయమంటే జమ్మికుంట పత్తి రైతు ఒప్పుకుంటాడా? నేనైతే ఒప్పుకోను. గడువు ఇవ్వండి, మిత్తి తగ్గించండి, అసలు మాత్రం రావాలి.

లెక్చరర్ సార్, ట్రాక్టర్ల కేసు లాంటివి ఇప్పుడు కూడా వేయొచ్చా? అది మాత్రం ఆపాల్సిందే, దానికి నా సంతకం కావాలన్నా పెడతా.

నయీంనగర్ లెక్చరర్

కొంత ఆపారు. ఆ కేసు మీద గోల అయ్యాకే బ్రిటన్ 2010లో ఒక చట్టం చేసింది, 2011లో శాశ్వతం చేసింది. పాత మాఫీ పథకం కిందికొచ్చే అప్పు మీద కోర్టుకు పోయినవాడికి, మిగతా అప్పులోళ్లు ఎంతకు ఒప్పుకున్నారో దానికి మించి రాదు. దాని కోసం పోరాడింది కూడా ఈ జూబిలీ జనమే. కాకపోతే అది ఆ పాత అప్పులకే. జాంబియా 2012 నుంచి అమ్మిన బాండ్లకు, కరోనా కాలంలో పేరుకున్న బాకీలకు వర్తించదు. పేద దేశాల బాండ్లు చాలావరకు లండన్ చట్టం కిందో న్యూయార్క్ చట్టం కిందో రాసుకున్నవే కాబట్టి ఆ రెండు చోట్ల చట్టం మారితే మిర్చి తమ్ముడు చెప్పిన సేటు కోత ఆగుతుంది. న్యూయార్క్ అసెంబ్లీలో బిల్లులు పెట్టారు, చర్చిలు, కార్మిక సంఘాలు కలిసి తిరిగాయి, ఫండ్లవాళ్లు అడ్డం పడ్డారు.

ఎనుమాముల మిర్చి

అంటే లండన్‌లో చట్టం ఉంది గానీ కొత్త అప్పులకు లేదు, న్యూయార్క్‌లో బిల్లుంది గానీ చట్టం కాలేదు. పరకాల అన్నా, వచ్చే ఆదివారం ఫాదర్‌ను ఇది అడుగు, ఆ పాత చట్టాన్ని పొడిగించమని బ్రిటన్‌లో ఇప్పుడెవరైనా అడుగుతున్నారా అని. ఆయనేమన్నాడో ఇక్కడ రాయి.